ఎండిందని చూపించిన బోరింగు

ఈ మాట ఎన్నేళ్లుగానో ఎవరికీ చెప్పలేదు. నాకు రాయరాదు. చెప్తున్నా, రాసుకోండి.

కొడకండ్ల దగ్గర మా వాడంతటికీ తాగేందుకు ఒక్కటే చేతి బోరింగు. దాని పక్కనే మా మిరప చెలక. తాగునీళ్లకు దగ్గరలో పొలం బోరు వేయరాదని సర్కారు చట్టం. మా పాత బోరు ఎండి మిరప తోట మాడుతోంది. మా ఆయన అన్నం ముట్టడం లేదు. కొత్త బోరుకు అర్జీ పెడితే, చూసిపోవడానికి మండలం ఆఫీసు సారు వస్తాడన్నారు. బోరింగు పనిచేయడం లేదని ఆయన రాసుకుంటే మాకు అడ్డు ఉండదు.

ఆపకుండా కొడితే ఆ బోరింగు అడుగంటుతుంది, మళ్లీ ఊరేసరికి మధ్యాహ్నం అవుతుంది. నీళ్లు మోసే ఆడవాళ్లకే తెలిసిన సంగతి. మా ఆయనకు ఆ ఉపాయం చెప్పింది నేనే. ఆ రోజు తెల్లవారుతుండగానే వెళ్లి కొట్టాను. బిందె నిండినప్పుడల్లా మిరప సాలులో కుమ్మరించాను.

పక్కింటి ఎల్లవ్వ వచ్చింది. కడుపుతో ఉంది.

"ఏందక్కా, గిన్ని నీళ్లు? ఇంట్ల పెండ్లి గిట్ల పెట్టుకున్నవా?"

"చెట్లు మాడుతున్నయే. జర తడుపుత."

"చెమటలు జూడు ఎట్ల కారుతున్నయో! జరుగు, నేను కొడత."

జరిగాను. ఎందుకు జరిగాను? ఆమె కొట్టింది, నేను పారబోశాను.

వాడంతా కూలికి పోయాక సారు వచ్చాడు. కొట్టి చూస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. ఎప్పుడో చెడిపోయిందన్నాను. రాసుకున్నాడు.

కొత్త బోరు వేశాం, నీళ్లు పడ్డాయి. ఎండలు ముదిరేసరికి బోరింగు నిజంగానే ఎండింది. పిడి పట్టుకుని కొట్టాను, కొట్టాను. చుక్క రాలేదు. నేనాడిన అబద్ధం ఆ ఒక్క పూటకే అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నానా? ఆ చట్టం ఎందుకు పెట్టారో తెలియనిదాన్నా, పుట్టినప్పటి నుంచి బిందె మోసినదాన్ని?

అప్పటి నుంచి అందరూ మా బోరు దగ్గరికే. కరెంటు లేని ఒక పూట ఎల్లవ్వ దూరంగా ఉన్న బాయికి పోయింది. మెట్ల మీద జారింది. కడుపు పోయింది.

మా ఆయన పోయాడు. ఇక ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తర్వాత ఇంటింటికీ నల్లాలు వచ్చాయి. నల్లా రాని రోజు ఎల్లవ్వ ఇప్పటికీ బిందెతో వస్తుంది. "నీ బోరు సల్లగుండ, అక్కా" అని నా చేతులు పట్టుకుంటుంది. ఆనాడు నా కోసం బోరింగు కొట్టిన చేతులు ఆమెవి.

మీ ముందు నోరు తెరిచాక ఊపిరి ఆడుతోంది. అంతే. ఆమెతో ఇంకా అనలేదు. అనవలసింది ఒక్క మాటే: ఆ పొద్దు నీళ్లు చెట్ల కోసం కాదు, ఎల్లవ్వా.