ఎలుగుబంటి పన్ను, కాక వయసు

ఎనభైల చివర్లో నేను గోదావరిఖనిలో ఒక కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. మా ల్యాబు ఆస్తి ఒక మైక్రోస్కోపు, సీసాల్లో నాలుగు పాములు, ఒక కప్ప అస్థిపంజరం. అంతమాత్రానికే నాకు కళ్లు నెత్తికెక్కాయి. ఎవరు ఏ ఎముక చూపించినా ఇది ఫలానా అని ఠక్కున చెప్పేసేదాన్ని. అందులో సగం తప్పే అయ్యుంటుంది.

మా పక్క క్వార్టర్లో ఒక కాక ఉండేవాడు. బొగ్గుబాయిలో పని. వేట ఇంకా బందు కాని రోజుల్లో, ఇప్పపూలు ఏరుకునేవాళ్ల మీద పడుతున్న ఒక ఎలుగుబంటిని, ఊరివాళ్లు బతిమాలితే తుపాకీతో కొట్టాడట. దాని పుర్రె ఇంట్లోనే దాచుకున్నాడు. ఆ కథ వినని మనిషి మా కాలనీలో లేడు. ఎన్నిసార్లు చెప్పినా ముగింపు ఒకటే.

"పండు ముసలిది బిడ్డా. పండ్లన్ని అరిగిపోయినయ్. ఇరవై ఏండ్లకు తక్కువుండది. సూపు ఆనక మనుషుల మీద పడ్డది."

ఒకరోజు చాయ్ తాగుతూ నేనూ గొప్పకు పోయాను. విదేశాల్లో వేటగాళ్లు కొట్టిన ఎలుగుబంట్ల పన్ను పీకి, పలచగా కోసి, చెట్టు మానులో లాగే గీతలు లెక్కపెట్టి వయసు చెబుతారని, ఏడాదికో గీత పడుతుందని పత్రికలో చదివింది చదివినట్టు ఒప్పజెప్పాను. తర్వాతి ఆదివారం పొద్దున్నే కాక తువ్వాలలో పుర్రె చుట్టుకొని మా గుమ్మంలో ఉన్నాడు.

"ముందుగాల దీని లెక్క తియ్యి. ఇది కరెక్టొస్తే నా పన్ను గూడ ఒకటి పీకిస్త."

ఆయన బాధ అదీ. మా దిక్కు పాతకాలపు కార్మికులకు రెండేసి వయసులు ఉండేవి, ఒంటిది ఒకటి, కాగితానిది ఒకటి. పనిలో చేరినప్పుడు కాక దగ్గర పుట్టిన తేదీ కాగితమేదీ లేదు. డాక్టరు నోరు తెరవమని, పళ్లు చూసి, ముప్పై అయిదు అని రాసేశాడు. అప్పటికి కాకకు నిండా పాతిక లేవు. చిన్నప్పటి నుంచి బొగ్గు, ఇటుకపొడి కలిపి రుద్దీ రుద్దీ పళ్లు చదునైపోయాయి, అంతే. ఇప్పుడు ఆ కాగితం ప్రకారం ఏడు నెలల్లో అరవై నిండుతాయి. ఉద్యోగం దిగిపోతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. చిన్న కూతురు ఇంకా ఎనిమిదో తరగతి. వయసు తగాదాలు వినే డాక్టర్ల బోర్డు ముందు పన్ను పెట్టి గెలవాలని ఆయన ఆశ.

కోరపన్ను వెనక ఉండే చిన్న పన్ను తీసి, కెమిస్ట్రీ వాళ్ల దగ్గర ఆసిడ్ అడుక్కొని నానబెట్టాను. రోజూ గుచ్చి చూడటమే. మెత్తబడ్డాక కొత్త బ్లేడుతో పొరలు తీసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను.

ఆరు గీతలు.

నా లెక్కలు నాకే నమ్మకం లేనివి కాబట్టి ఇంకో పొర తీశాను. ఆరే. మూడోదీ ఆరే. అప్పుడు పుస్తకం తిరగేస్తే అందులో ఉంది: ఎలుగులు చెదపుట్టలు తవ్వి మన్నుతో సహా తింటాయి, కొన్నిటికి చిన్న వయసులోనే పళ్లు అరిగిపోతాయి అని.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. లెక్క తప్పంటే కాక కేసు పోతుంది. ఒప్పంటే పాతికేళ్లుగా చెప్పుకొస్తున్న కథ పోతుంది. నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. గొప్పలకు పోయినందుకు నన్ను నేనే తిట్టుకుంటూ కాకను ల్యాబుకు పిలిచాను.

ఆయన మైక్రోస్కోపు మీద ఒంగి, వేళ్లు మడుస్తూ తనే లెక్కపెట్టాడు. ఆరో వేలి దగ్గర ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు.

"ఒకటి రెండేళ్లు అటూ ఇటూ కావచ్చు కాకా," అన్నాను.

"ఇరవై అయితే గాదు గద."

"కాదు."

"నా నోరు చూసి డాక్టరు సాబు ఏం జేసిండో, దాని నోరు చూసి నేను గూడ గదే జేసిన," అన్నాడు.

అయినా పన్ను పీకించాడు. నేను కోసి, లెక్కపెట్టి, సంతకం పెట్టి ఇచ్చాను. నలభై తొమ్మిది వచ్చింది, ఆయన చెప్పినదానికి దగ్గరే. బోర్డువాళ్లు నా కాగితం పూర్తిగా చదవను కూడా లేదట. చేరిననాడు రాసిందే చెల్లుతుందన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. కాక మాత్రం ఎవరినీ ఒక్క మాట అనలేదు.

క్వార్టరు ఖాళీ చేసిన రోజు సామాను బండి గేటు దగ్గర ఆపించి, తువ్వాల మూటతో ల్యాబుకొచ్చాడు. పుర్రె మీ దగ్గరే ఉండనీ అన్నాడు. నేను చీటీ మీద ఎలుగుబంటి అని రాసి, ఆయన మనసు నొప్పించడం ఇష్టం లేక అడిగాను.

"వయసు రాయకుండా వదిలేద్దామా కాకా?"

"ఆరేండ్లని రాయి బిడ్డా. దానిదన్న కాయితంల సరిగ్గుండనీ."