మావ మాట్లాడని సగం ఆట

క్లాంగ్‌లో మా వంటగది కిటికీ తెరిస్తే పక్క బడి ఆటస్థలం కనిపిస్తుంది. సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చి బియ్యం కడుగుతుంటే అక్కడి నుంచి హాకీ కర్ర బంతిని తాకే శబ్దం వస్తుంది. తడి నేల మీద కొట్టిన బంతికి ఒక చప్పుడుంటుంది, పొడి నేల మీద ఎంత గట్టిగా కొట్టినా అది రాదు. అది చెవిన పడగానే నా చేతులు గిన్నెలోనే ఆగిపోతాయి. ఎడమ మోకాలి కింద పాత దెబ్బ ఒకటి జివ్వుమంటుంది. "మళ్ళీ బాగన్ దాతుక్ వెళ్ళిపోయావా?" అని మా ఆయన నవ్వుతాడు. వెళ్ళిపోతాను మరి, నేను పెరిగిన ఊరు. అక్కడ నాకు ముందుగా వినిపించేది బంతి కాదు, కాలవ గట్టు మీద నుంచి సింహాద్రి మావ అరుపు.

ఆయన నాకు చుట్టం కాదు. మా వీధి చివర ఉండేవాడు, పామాయిల్ మిల్లులో లారీలు తూకం వేయించే పని. మిల్లు రొదలో అరిచి అరిచి ఆయన గొంతు మామూలుగా మాట్లాడటం మరిచిపోయింది. "కాఫీ ఇయ్యే" అని ఆయన అత్తని అడిగితే వీధి వీధంతా కాఫీ పెట్టుకునేది. కుర్రతనంలో తోట కార్మికుల జట్టుకి హాకీ ఆడినవాడు. ఆ జట్టు పోయాక ఆడపిల్లల జట్టు ఒకటి కూడగట్టాడు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలం, జిల్లా పేరు మీద పేరాక్ రాష్ట్ర పోటీలకు వెళ్ళేవాళ్ళం. మాలో తెలుగువాళ్ళం కొందరం, తమిళులు కొందరు, మలాయ్ పిల్లలు, ఇద్దరు చీనా పిల్లలు. అందరికీ ఆయన మావే. మా గోల్‌కీపర్ అయిషా వాళ్ళ అమ్మయితే చాలాకాలం ఆయన అసలు పేరే మావ అనుకుంది.

జట్టు అన్నానే గానీ, మేం ఎంత బలహీనులమో చెప్పకపోతే కథ సాగదు. మా ఆటస్థలం కాలవ పక్కన. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు కింద నుంచి నీరు ఊరి గడ్డంతా చిత్తడయ్యేది. బంతి కొడితే నాలుగడుగులు పోయి బురదలో కూర్చునేది. దాంతో మాకందరికీ ఒక అలవాటు పడింది: బంతి వస్తుంటే ఆగి, అది నెమ్మదించేదాకా చూసి, అప్పుడు అందుకోవడం. ఇపోలో పోటీలు మాత్రం టర్ఫ్ మీద, నీళ్ళు చల్లిన నీలం ప్లాస్టిక్ గడ్డి అది. అక్కడ బంతి ఎవరి కోసమూ నెమ్మదించదు. మేం మర్యాదగా ఎదురుచూస్తూ నిలబడితే అది మా పక్క నుంచి జారిపోయి గోల్‌లో పడేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మేం ఇంటా గెలవలేదు, రచ్చలో అయితే లెక్కపెట్టడం మానేశాం.

టర్ఫ్ మనకి లేదని మావ కూర్చోలేదు. ఊరి బయట కొబ్బరి ఎండబెట్టే సిమెంటు కళ్ళం ఒకటుంది. దాని యజమాని దగ్గరికి వెళ్ళి, ఎండిన చిప్పలన్నీ మా చేత ఎత్తిస్తానని, కళ్ళం ఊడిపిస్తానని ఒప్పించాడు. ఆదివారం పొద్దున్నే మేం చిప్పలు గోనెలకెత్తి, ఊడ్చి, బకెట్లతో నీళ్ళు పోసి, ఆ తడి సిమెంటు మీద బంతులు కొట్టేవాళ్ళం. బంతి పామల్లే దూసుకొచ్చేది. నా మోకాలి కింద దెబ్బ అక్కడిదే. నేను కూలబడి ఏడుస్తుంటే మావ వచ్చి చూసి, "ఎముక ఉంది గదా, సాల్లే. దానికోసం నిలబడకే, దానికెదురెళ్ళు. అది నీ సుట్టమా, గుమ్మంలో నిలబడి రమ్మనడానికి?" అన్నాడు. తర్వాత తనే వాళ్ళింటి నుంచి పసుపు తెచ్చి అద్దాడు.

ఓడి వచ్చేటప్పుడు ఆయన వ్యాన్‌లో ఒక కట్టడి ఉండేది. "తెలుక్ ఇంతాన్ వచ్చేదాకా ఎంత ఏడుస్తారో ఏడండి. అది దాటితే మనూరు. మనూరికి ఏడుపు తేకండి" అనేవాడు. ఆ ఊరు దాటగానే ఒక్కొక్కరం అవతలి జట్టులో బాగా ఆడినవాళ్ళెవరో, ఏం చేశారో చెప్పాలి. చెప్పలేనివాళ్ళకి చేగోడీలు ఉండవు. ముక్కు ఎగబీలుస్తూనే, మమ్మల్ని చిత్తుగా ఓడించినవాళ్ళని పొగుడుతూ ఊరు చేరేవాళ్ళం. అప్పట్లో నాకు పుండు మీద కారం చల్లినట్టుండేది. ఇప్పుడనిపిస్తుంది, ఆట నేర్పే టర్ఫ్ మాకు లేదు గనక, ఓడించినవాళ్ళనే ఆయన మాకు పంతుళ్ళుగా పెట్టాడని.

మాకున్న ఆయుధం ఒక్కటే, తెలుగు. మైదానంలో మావ అరుపులన్నీ తెలుగులోనే. మొదట్లో అది ఉపాయం కాదు, ఆయనకి కోపంలో ఇంకో భాష రాదు, అంతే. పోనుపోను అయిషాకీ చీనా పిల్లలకీ కూడా అర్థమయ్యేవి. "ఒగ్గీ" అంటే బంతిని వదిలెయ్యమని. "ఎనక్కి సూడు" అంటే వెనక ఎవరో ఉన్నారని. అవతలి జట్లవాళ్ళు తమిళం, మలాయ్, చీనా, ఇంగ్లీషు ఏదైనా పసిగట్టేవారు గానీ, మా ఉత్తరాంధ్ర తాతలు ఓడల్లో తెచ్చుకున్న ఈ మాటలు వాళ్ళకి గాలి చప్పుడే. మావకి దీని మీద మహా ధీమా. "పేరాక్ మొత్తం తిరిగినా మన మాట బయటోళ్ళకి తెలీదు లా" అనేవాడు, అక్కడి అందరిలాగే మాట చివర ఒక 'లా' తగిలించి.

నాకు పదిహేడేళ్ళొచ్చిన ఏడాది మా జట్టు ప్రాణం మీదికొచ్చింది. ఆ ఏడు అట్టడుగున నిలిచిన జట్టుని పక్క జిల్లా జట్టులో కలిపేస్తామని కబురొచ్చింది. కలిపితే మాలో ఒకరిద్దరికి చోటు దొరుకుతుందేమో. మిగతావాళ్ళని అంత దూరం రోజూ ఎవరు పంపుతారు? మా అమ్మ ముందే చెప్పేసింది, జట్టు మూతపడితే సాయంత్రాలు కుట్టు దుకాణంలో కూర్చోవాలని. అమ్మ తప్పని నేననను. కానీ ఆ మైదానంలో తప్ప నా కాళ్ళు నావనిపించే చోటు నాకింకోటి లేదు. ఆఖరి ఆట ఇపోలో, అక్కడి జట్టుతోనే. సమంగా ముగిస్తే చాలు, ఒక్క మెట్టు పైన బతికిపోతాం.

మొదటి సగంలో ఏదో తేడాగా ఉంది. మావ "కుడికియ్యే" అని అరవడం ఆలస్యం, వాళ్ళ పిల్ల ఒకతి నాకంటే ముందే కుడివైపు నిలబడేది. "సెల్వికి ఎత్తి కొట్టు" అంటే, గోల్ కొట్టడానికి ముందుండే మా సెల్వి చుట్టూ ముగ్గురు. నేను తడబడి ఆగిపోయాను. వాళ్ళు రెండో గోల్ కొట్టారు. మావకి ఒళ్ళు మండిపోయింది. "ఏటే పార్వతీ, సంతలో ఎండుసేపలాగ అలా నిల్సుండిపోనావు!" అని మైదానం దద్దరిల్లేలా అరిచాడు. మా పిల్లలకి అలవాటే, ఎవరూ నవ్వలేదు. నవ్వింది ఎవరంటే, నా ఎదురుగా ఉన్న ఇపో పిల్ల. చేతిలో కర్ర జారిపోయేంతగా కిసుక్కున నవ్వి, వెంటనే చేత్తో నోరు మూసుకుంది.

అంటే ఆ పిల్లకి తెలుగు వచ్చు. గోడలకి చెవులుంటాయంటారు. మేం ఇపోలో అసలు గోడే లేదనుకున్నాం. ఇపో నిండా తెలుగిళ్ళున్నాయి, గుడులున్నాయి, సంఘాలున్నాయి. ఉగాదికి మావ స్వయంగా అక్కడికి వెళ్ళి భోజనం చేసి వచ్చేవాడు. అయినా ఆ ఇళ్ళలో ఆడపిల్లలుంటారని, వాళ్ళు హాకీ ఆడతారని మాలో ఒక్కరికీ తట్టలేదు.

విరామంలో పరిగెత్తి చెప్పాను. "మావా, ఆ పిల్ల మనోళ్ళ పిల్ల. నువ్వు సెప్పిందల్లా ఆళ్ళకి సెప్పేస్తంది."

మావ ముఖం చూడాలి. ముందు తెల్లబోయాడు. తర్వాత ఎంత వద్దనుకున్నా పెదవుల మీద ఒక సంతోషం పాకింది. దాన్ని మింగేసి తల గోక్కున్నాడు. కుడి అంటే ఎడమ అనుకోండి అందామనుకున్నాడు గానీ, మా మొహాలు చూసి మానుకున్నాడు. ఆఖరికి గడ్డి మీద చతికిలబడి అన్నాడు. "నాను మాటాడితే ఆళ్ళకి తెలిసిపోతాది. మాటాడకపోతే మీరేటి సేస్తారో నాకే తెల్దు, ఇంక ఆళ్ళకేటి తెలుస్తాది? ఎళ్ళి ఆడండి."

"సెనియాప్?" అంది అయిషా, నోటి మీద వేలు పెట్టి చూపిస్తూ. ఆయన నిశ్శబ్దంగా ఉండగలడని ఆమెకి నమ్మకం లేదు.

నాకు ఏడుపొచ్చింది. "నువ్వు సెప్పకపోతే నాకేటీ తెల్దు మావా."

"తెల్దని ఎవులు సెప్పినారే? ఇన్నాళ్ళూ నాను అరిసింది నీ సెవిలోకే గదా. లోపలికెళ్ళిందో నేదో ఇప్పుడు సూద్దాం."

రెండో సగం మొదలైంది. బంతి నా దగ్గరికి రాగానే అలవాటు కొద్దీ మైదానం అంచున ఉన్న మావ వైపు చూశాను. మావ చేతులు కట్టుకుని, తల వంచుకుని, తన చెప్పులు చూసుకుంటున్నాడు. నా వైపు చూస్తే నోరు ఆగదని ఆయనకి తెలుసు. అంత పెద్ద మైదానంలో నాకు అంత ఒంటరితనం ముందెప్పుడూ తెలియదు. బంతి పోగొట్టుకున్నాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ చూశాను, మళ్ళీ చెప్పులే. మూడోసారి చూడలేదు. కళ్ళం మీద తిన్న దెబ్బ గుర్తొచ్చింది, బంతికి ఎదురెళ్ళాను. అందుకున్నాక తలెత్తితే ఎడమవైపు నేల ఖాళీగా, ఊడ్చినట్టుగా కనిపించింది. అది అక్కడ అంతసేపూ ఉండే ఉంటుంది. నేనే ఎన్నడూ తలెత్తలేదు. అటు కొట్టాను. సెల్వి దాన్ని లోపలికి తోసింది.

ఆ తర్వాత ఇపో పిల్ల చెవులు రిక్కించి వినేది, వినడానికేమీ లేదు. మా జట్టులో అందరం ఒకరినొకరం చూసుకోవడం మొదలుపెట్టాం. ఆట చివర్లో గోల్ ముందు గుంపులో రెండో గోల్ ఎలా పడిందో ఇప్పటికీ మాలో ఇద్దరు తమదంటే తమదంటారు. ఈల మోగింది. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు సమానంగా బయటపడ్డాం. జట్టు బతికింది.

మేం ఎగురుతూ మావ దగ్గరికి వెళ్ళబోతే, ఆయన మమ్మల్ని దాటుకుని నేరుగా ఆ ఇపో పిల్ల దగ్గరికి వెళ్ళాడు. ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది. "ఎవరి గుంటవే నువ్వు? పేరేటి?" అని గర్జించాడు.

"రేవతి, అంకుల్. సారీ అంకుల్. మా కోచ్ అడిగినాడు, నాను సెప్పినాను."

"మంచి పని సేసినావు. ఇంట్లో మాటాడతారా మన మాట?"

"అమ్మమ్మ మాటాడతాది. నాకు అర్తం అవుద్ది. మాటాడ్డం కొంచెం కొంచెం లా."

అత్త మా కోసం కట్టి పంపిన కొబ్బరి ఉండల పొట్లం మొత్తం ఆ పిల్ల చేతిలో పెట్టేశాడు. "అమ్మమ్మకి సెప్పు, బాగన్ దాతుక్‌లో ఒక ముసిలోడు అరుస్తాడు, ఆడి అరుపులన్నీ నాకు తెలిసినాయని" అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. జట్టుని నిలబెట్టింది మేమైతే ఉండలు శత్రువుకా అని నాకు మండిపోయింది. వ్యాన్‌లో మా వంతు పొగడ్తలు చెప్పేటప్పుడు నేను ఒక్కమాటే చెప్పాను, "ఆ రేవతి బాగా ఇన్నాది." మావ స్టీరింగ్ మీద కొట్టి మరీ నవ్వాడు.

మావ పోయి కొన్నేళ్ళయింది. మేం ఆ తర్వాత కూడా కప్పులేమీ గెలవలేదు. జట్టు మాత్రం ఉంది. ఇప్పుడు దాన్ని నడిపేది అయిషా, అదే ఊళ్ళో బడి టీచరు. ఈ మధ్య ఒక శనివారం వెళ్ళి వాళ్ళ ఆట ఒకటి చూశాను. కాలవ నీళ్ళు ఇంకా ఊరుతూనే ఉన్నాయి. టర్ఫ్ వేస్తామన్న మాట కూడా ఇంకా ఊరుతూనే ఉంది. ఈ ఏడు గెలుస్తారా అంటే గెలవరు. కానీ చిన్నపిల్లల్లో బంతికి ఎదురెళ్ళేవాళ్ళు నలుగురైదుగురు కనిపించారు. మా రోజుల్లో ఒక్కరుంటే గొప్ప. ఇంకో రెండు మూడేళ్ళు చెదరకుండా ఉంటే, ఈ జట్టుని తేలిగ్గా తీసుకున్నవాళ్ళు తెలుక్ ఇంతాన్ దాకా ఏడవాల్సి వస్తుంది. తలకి తుడుంగ్ చుట్టుకున్న అయిషా గట్టు మీద నుంచి "ఒగ్గీ! ఒగ్గీయే!" అని అరుస్తుంటే, ఇంట్లో తెలుగు మాట రాని తెలుగు పిల్లలు ఆ మాట ఆమె దగ్గరే నేర్చుకుంటున్నారు.

రెండో సగంలో అయిషా నా పక్కన వచ్చి కూర్చుని, చేతులు కట్టుకుని, ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె అలాగే చేస్తుందట, ప్రతి ఆటలోనూ. నేను నవ్వాను, కానీ నేనూ అదే చేస్తాను. ఫ్యాక్టరీలో మెషిన్ ఆగిపోయి కొత్తగా చేరిన పిల్ల నా మొహం చూస్తే, జవాబు నా నాలుక మీదే ఉంటుంది, నాలుక దురదపెట్టేస్తుంది. చేతులు వెనక్కి కట్టుకుని నేల చూస్తాను. ఆ పిల్లకి ఆ కాసేపు ఎంత భయమో నాకు తెలుసు, అందుకే అక్కడి నుంచి కదలను. ఏం చెయ్యాలో చెప్పిన పెద్దవాళ్ళు నా జీవితంలో చాలామంది ఉన్నారు, అందరికీ రుణపడే ఉన్నాను. నన్ను నమ్మి నోరు మూసుకున్న మొదటి మనిషి మాత్రం సింహాద్రి మావే.