నాలుగింటిలోపు

ఆమె అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. వీధి మొత్తానికి ఆమె మిషనక్క. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా మిషనక్క అనే పిలుస్తారు. ఏటి గట్టుకు వెనక వీధి అది. ముప్పై ఎనిమిది ఇళ్ళు. ఆమెది రోడ్డుకి రెండు మెట్ల ఎత్తులో ఒంటిగది వాటా, పైన ఇంటివాళ్ళ మేడ. గదిలో సగం మంచానికీ పొయ్యికీ పోగా, మిగతా సగం కిటికీ పక్కన మిషనుది.

అది కాలితో తొక్కే పాత కుట్టుమిషను. ఇనప స్టాండుతో కలిపి ఇద్దరు మగవాళ్ళు పడితేగాని కదలదు. పదిహేనేళ్ళ క్రితం ఏరు ఇంట్లోకి వచ్చినప్పుడు మూడు రోజులు బురదనీళ్ళలో మునిగింది. తుప్పు వదలడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ ఆమె ఇళ్ళలో గిన్నెలు తోమింది. అప్పటికి భర్త ఉన్నాడు గాని, మంచం దిగే స్థితిలో లేడు. పక్కింటివాళ్ళు రోజూ సాయంత్రం ఒక గిన్నె గంజి గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టకుండానే వెళ్ళిపోయేవారు. ఆ గిన్నె ఎవరిదో తెలిసినా తెలియనట్టే కడిగి మళ్ళీ గుమ్మంలో పెట్టేది ఆమె.

అప్పటినుంచి ఒక అలవాటు పడింది. ఎగువన మబ్బు నల్లబడితే చాలు, మిషను మేడ వరండాలోకి ఎక్కాల్సిందే. పద్నాలుగు మెట్లు, మధ్యలో ఒక మెలిక. మోసేది బేకరీలో పనిచేసే పక్కింటి అన్నదమ్ములు. ఇద్దరూ సాయంత్రం నాలుగింటికి పిండి కలపడానికి పోతే మళ్ళీ తెల్లవారాకే రావడం. అందుకని ఏం చేసినా నాలుగింటిలోపే చెయ్యాలి. వస్తుందో రాదో చూద్దామంటే ఆమెకు కుదరదు. ఒక్కో వానాకాలంలో నాలుగైదుసార్లు మిషను ఉత్తపుణ్యానికి ఎక్కి దిగేది. అన్నదమ్ములు ఏనాడూ విసుక్కోలేదు. చిన్నవాడికి మాత్రం నోరు ఊరుకోదు.

"నీ మిషనుకి మేడ మీద చుట్టాలెవరైనా ఉన్నారా అక్కా? ఊరికే చూసి రావడానికి పోతోంది!"

"ఉన్నార్రా, నీలాగా వాగేవాళ్ళు కాదులే. మెలిక దగ్గర జాగ్రత్త."

వాళ్ళ ఏప్రన్ల తాళ్ళు తెగితే ఆమె కుట్టిపెట్టేది. ఆ లెక్క ఎవరూ చూడలేదు.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు, ఒక కాలేజీ తరఫున సర్వే చేస్తానంటూ ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో అట్ట, అట్ట మీద నలభై ప్రశ్నల కాగితం. తొమ్మిది రోజులు ఇల్లిల్లూ తిరిగింది. ఎండకి మొహం కందిపోయేది. ఎవరో ఒకరు మంచినీళ్ళిచ్చి నీడలో కూర్చోబెట్టేవారు. తొమ్మిదోరోజు చివరగా మిషనక్క గుమ్మం ఎక్కింది. సంచీ పట్టీ ఒకవైపు తెగి వేళ్ళాడుతోంది. మిషనక్క ప్రశ్నలకి ముందే ఆ సంచీ లాక్కుని మిషను సూది కింద పెట్టింది.

"నువ్వడుగుతూ ఉండమ్మా. నా చేతులకే పని, చెవులు ఖాళీనే."

"ఏరు ఇంట్లోకి వస్తుందని మీకు ఎంత భయం? ఒకటి నుంచి అయిదు దాకా ఎంతో చెప్పండి."

"భయానికి మార్కులా! మబ్బు లేనప్పుడు ఒకటి, ఉన్నప్పుడు అయిదు. ఏది వేసుకుంటావో వేసుకో."

అమ్మాయి నవ్వి మూడు వేసుకుంది. "నీళ్ళు వస్తున్నాయని మీకు మొదట ఎలా తెలుస్తుంది? సైరను, ఫోను మెసేజి, వార్డు ఆఫీసు..."

"ఆకాశం."

"మీరొక్కరే ఆకాశం అన్నారు ఆంటీ. ముప్పై ఒక్క ఇళ్ళవాళ్ళు మీ పేరు చెప్పారు."

పెడలు ఆగింది. "నా పేరా?"

"మిషనక్క మిషను ఎత్తిస్తే మేమూ సర్దుకుంటామని. ఎన్నిళ్ళలో అడిగినా అదే..." అంటూనే అమ్మాయి నాలుక కరుచుకుంది. ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పకూడదని ఆమెకు మొదటిరోజే నేర్పారు.

మిషనక్క మళ్ళీ పెడలు తొక్కింది. పట్టీ కుట్టి, దారం పంటితో తెంపి, సంచీ చేతికిచ్చింది. అమ్మాయి వెళ్ళాక చాలాసేపు వీధివైపు చూస్తూ కూర్చుంది. మిషను మేడెక్కిన రోజున ఎదురింటివాళ్ళు బియ్యం డబ్బా అటక మీద పెట్టడం, చివరింటి తపాలా తాతయ్యను కుర్చీలో కూర్చోబెట్టి మిట్ట మీది బడికి మోసుకుపోవడం ఆమెకు తెలియనివి కావు. వాళ్ళకీ మెసేజి వచ్చి ఉంటుందిలే అనుకునేది. అంతే.

పదకొండు రోజుల తరువాత, మధ్యాహ్నం రెండింటికి ఎగువన మబ్బు పట్టింది. మామూలుగా అయితే ఈపాటికి గోడ మీద తట్టి అన్నదమ్ముల్ని పిలిచేది. ఆవేళ చెయ్యి గోడదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. తపాలా తాతయ్యకు మూడు రోజులుగా జ్వరం. కాళ్ళు ఎటూ పనిచెయ్యవు, ఇప్పుడు ఒళ్ళు కూడా కాలిపోతోంది. తను మిషను ఎత్తిస్తే ఆయన్ని ఈ జ్వరంలో బయటికి తీస్తారు. కూలికి పోయినవాళ్ళు సగంపూటలో తిరిగొస్తారు. తీరా ఏరు రాకపోతే? ఇన్నాళ్ళూ ఊరికే ఎక్కింది మిషనొక్కటే అనుకుంది కాబట్టి ధైర్యంగా ఎక్కించింది. కళ్ళు మూసుకుని, స్వామీ, నువ్వే ఏదో ఒకటి తోపించు, అనుకుంది. ఏమీ తోచలేదు.

కిటికీలోంచి చూస్తే తాతయ్య కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె ఆకాశంకేసి చూడటంలేదు. ఈ కిటికీకేసే చూస్తోంది.

నాలుగింటికి ఇరవై నిమిషాలున్నాయనగా బేకరీ పెద్దవాడే వచ్చాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"ఎత్తేద్దామా అక్కా?"

"ఏమంటావు తమ్ముడూ?"

"నన్నడుగుతావేంటి? ఎప్పుడైనా అడిగావా?"

"ఇవాళ్టికి ఉండనీలే."

అతను ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, సరేనని వెళ్ళిపోయాడు. చివరింటి తలుపు మూసుకుంది.

సైరను అయిదున్నరకి మోగింది. ఆరింటికల్లా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. ఆ వేళకి ఆ వీధిలో మిగిలేది ఆడవాళ్ళూ, పిల్లలూ, ముసలివాళ్ళే. మిషనక్క తన గది తలుపు అలాగే వదిలేసి చివరింటికి పరిగెత్తింది. ఆమె, కోడలు, ఇంకో ఇద్దరు కలిసి తాతయ్య కుర్చీ ఎత్తారు. బడి మలుపులో నీళ్ళ కింద గుంట కనపడలేదు. కుర్చీ ఒరిగింది. ఆయన్ని పైకి లేపేసరికి ఆయన కుడి మణికట్టు వంకరపోయి ఉంది. అయినా ఎలాగో బడి చేర్చారు.

తెల్లవారి బేకరీ అన్నదమ్ములు పిండి చేతులతోనే బడికి వచ్చారు. పెద్దవాడి భుజాన మూటెడు వేడి రొట్టెలు. అందరికీ పంచుతుంటే మిషనక్క లేచి నిలబడింది. పదిమందిలో మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. కొంగు చివర మెలిపెడుతూ, గోడవైపు చూస్తూ మొదలుపెట్టింది.

"నాకు ఏటి సంగతి ఏమీ తెలియదు. వీళ్ళిద్దరూ నాలుగింటికి పనికి పోతారు. ఆ తరువాత మోసేవాళ్ళు దొరకరని, అనుమానమొస్తే చాలు, ముందే ఎత్తించేస్తాను. అంతకుమించి నా దగ్గర ఏ విద్యా లేదు. మీరు నన్ను చూసి సర్దుకుంటారని మొన్ననే తెలిసింది. నిన్న అందుకే భయపడ్డాను. తాతయ్య చెయ్యి నా వల్లే విరిగింది. ఇకమీదట నన్ను చూడకండి."

తాతయ్య కోడలే ముందు నోరు తెరిచింది.

"అది మాకు తెలియదనుకున్నావా అక్కా? మా మామయ్యను మోసేది మాత్రం ఎవరు? వీళ్ళే కదా. నీ మిషను మేడ మీద దించి కుర్చీకి వస్తారు. నాలుగు దాటితే నీకేం గతో నాకూ అదే."

"మరి వాన కోసమైతే ఆకాశం చూడచ్చుగా. నన్నెందుకు చూడటం?"

తపాలా తాతయ్య గోడకి ఆనుకుని ఉన్నాడు. మణికట్టుకి ఎవరిదో తువ్వాలు కట్టి ఉంది. ఆయన గొంతు జ్వరంలో కూడా వీధి చివరిదాకా వినిపించే గొంతే.

"ఆకాశాన్ని చూస్తే ఏం లాభమే! వీళ్ళు నాలుగింటికి పోతారని మబ్బుకి తెలుసా, ఏటికి తెలుసా? సైరను ఊదేవాడికైనా తెలుసా? నీకొక్కదానికే తెలుసు."

"ఊరికే తిప్పితే ఎలా తాతయ్యా? జ్వరంలో..."

"ఎన్ని ఇళ్ళకి ఉత్తరం పట్టుకుపోయి, తాళం చూసి తిరిగొచ్చాను! మర్నాడు మానేశానా? ఊరికే తిరగడం నా ఉద్యోగంలో సగం." ఆయన తువ్వాలు కట్టిన చెయ్యి కొంచెం ఎత్తి చూపించాడు. "దీని సంగతి వదిలెయ్. పంచాల్సిన ఉత్తరాలేం లేవిక."

అప్పుడు గాని మిషనక్కకి ఏడుపు రాలేదు. కోడలు ఆమె చేతిలో ఒక రొట్టె పెట్టి పక్కన కూర్చుంది.

మూడోరోజు నీళ్ళు తీశాయి. ఆమె గదిలోకి వెళ్ళేసరికి మిషను అప్పటికే వీధిలో, ఎండలో ఉంది. బురద కడిగేశారు. బాబిన్లన్నీ ఒక పళ్ళెంలో వరసగా ఆరబెట్టి ఉన్నాయి. ఎవరు చేశారని ఆమె అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఈసారి తుప్పు ఎక్కువ పట్టలేదు. పన్నెండు రోజుల్లో కుట్టు పడింది.

ఆ వారంలోనే సర్వే అమ్మాయి మళ్ళీ వచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నేను నోరు జారకపోతే..."

"లోపలికి రా ముందు. పట్టీ ఎలా ఉంది, గట్టిగా ఉందా?"

అమ్మాయి కన్నీళ్ళు తుడుచుకుని కూర్చుంది. మిషనక్క జరిగిందంతా చెప్పింది, తాతయ్య మాటలతో సహా. అమ్మాయి అంతా విని, నలభయ్యో ప్రశ్న కింద చేత్తో నలభై ఒకటి రాసుకుంది: సాయంత్రం నాలుగు దాటాక మీ ఇంట్లో బరువు మోయగలవాళ్ళు ఎవరు? ఆ ఒక్క ప్రశ్నతో మళ్ళీ ముప్పై ఎనిమిది ఇళ్ళూ తిరిగింది. ఇరవై తొమ్మిది ఇళ్ళలో వచ్చిన జవాబు, ఎవరూ లేరని. ఆ కాగితాలు పైవాళ్ళకి ఇస్తానని చెప్పి పట్టుకెళ్ళింది. పైవాళ్ళు ఏం చేశారో ఆ వీధికి ఇంకా తెలియలేదు.

ఆ వానాకాలం చివర్లో ఒకరోజు, మూడు కావస్తుండగా ఎగువన మబ్బు వేసింది. ఒక పక్క ఎండ కూడా ఉంది. మిషనక్క కుడుతున్న దిండు గలీబు పక్కన పెట్టింది. చివరింటి గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. తాతయ్య చెయ్యి ఇంకా పూర్తిగా కుదుటపడలేదు. మబ్బు చూస్తే నమ్మకంగా చెప్పడానికేమీ లేదు. ఆమె కళ్ళు మూసి దేవుణ్ణి తలుచుకుంది. ఈసారి ఏదీ తోపించమని అడగలేదు. లేచి, గోడ మీద మూడుసార్లు తట్టింది.

"తమ్ముడూ, రండి."

మిషను మేడెక్కింది. బియ్యం డబ్బాలు అటకలెక్కాయి. తాతయ్య కుర్చీ బడివైపు సాగింది, ఆయన దారిపొడవునా అన్నదమ్ముల నడకకి వంకలు పెడుతూనే ఉన్నాడు. నాలుగు కొట్టేసరికి వాళ్ళిద్దరూ పనికి పోయారు.

సాయంత్రానికి మబ్బు విడిపోయింది. ఒక్క చుక్క పడలేదు. ఆమె వీధిలోకి వచ్చి నిలబడింది. బడినుంచి పిల్లల్ని తీసుకుని తిరిగొస్తున్న ఎదురింటావిడ, "మా బియ్యం గింజలు కూడా అటకెక్కి ఊరు చూశాయిలే అక్కా," అని నవ్వుతూ పోయింది.

మర్నాడు పొద్దున్నే, నిద్ర కళ్ళతోనే అన్నదమ్ములు మిషను దించడానికి వచ్చారు.

"ఏమక్కా, చుట్టాలు కాఫీ అయినా ఇచ్చారా దీనికి?" అన్నాడు చిన్నవాడు.

"ఇంట్లో లేరట్రా," అంది మిషనక్క, మెట్ల మెలిక దగ్గర గోడకి ఒదిగి దారి ఇస్తూ. "మళ్ళీ వెళ్దాంలే. నువ్వు కిందకి చూసి దించు."