అక్క అడిగిన రుజువు

మా బావ కాలేజీలో తత్వశాస్త్ర చరిత్ర చెప్పేవాడు. క్లాసులో వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే ఉన్నా గొంతు చించుకుని చెప్పేవాడట. "అన్నం పెట్టని చదువు బావా నీది" అని నేను ఏడిపిస్తే, "అందుకేగా మీ అక్కని చేసుకుంది, ఆవిడ పెడుతుందని" అనేవాడు.

ఆయన రిటైరైన ఏడాదే అక్కకు మతిమరుపు జబ్బు మొదలైంది. ముందు పొయ్యి ఆర్పడం మరిచింది, తర్వాత ఇంటికొచ్చే దారి, చివరికి మొగుణ్ణే మరిచింది. నన్ను మాత్రం గుర్తుపట్టేది, అదేం ఖర్మో! పరాయి మగాడు పెడితే తిననని, మాత్రలు మింగనని పళ్ళు బిగించేది. నేను కుట్టుపని ముగించుకుని సాయంత్రం వచ్చేదాకా పస్తే. ఇంకా చిక్కిపోతే వార్డులో చేర్చి గొట్టంతో తిండి ఎక్కించాల్సిందేనని డాక్టరు తేల్చేశాడు. ఆ వార్డు గదులకు గడియలు బయటివైపున ఉన్నాయి. చూసొచ్చిన బావ, అక్కని అక్కడికి పంపనన్నాడు.

ఆదివారం నా ఎదుటే బావ పెళ్ళిఫోటో తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. "ఇది నువ్వు. పక్కన నేను."

"ఇతను కుర్రాడు. మీరేమో ముసలాయన. మీరే ఇతనని రుజువేంటి?" అంది అక్క.

రుజువనగానే బావ ముఖం వెలిగింది. నాకు ఒళ్ళు మండింది.

"ఒళ్ళు మారుతుంది, మొహం మారుతుంది. అయినా మనిషి అదే మనిషి. ఎలాగంటే, ఒక తత్వవేత్త ఏమన్నాడంటే, జరిగినవన్నీ గుర్తుండటమే మనిషిని..." అంటూ టక్కున ఆగిపోయాడు.

"ఆగావేం బావా?"

ఆయన అక్కవైపు చూశాడు. అప్పుడు నాకర్థమైంది. ఆ లెక్కన బావ బావే. అన్నీ మరిచిన మా అక్కే అక్క కాదు.

"తగలెట్టు నీ శాస్త్రం! ఎవడు వాడు, ఇంట్లో జబ్బుమనిషి లేనోడు!" అని అరిచాను.

"తర్వాతివాళ్ళు ఆయన్ని తప్పుపట్టార్లేవే" అన్నాడు నెమ్మదిగా.

"పడితే? అక్క అన్నం తిన్నదా?"

బావ కుళాయి దగ్గరికెళ్ళి చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

మర్నాడు నేను పనికి వెళ్ళలేదు. బావ బయటికెళ్ళి తలుపు తట్టాడు. "మాస్టార్నండీ. పాఠం చెప్పడానికొచ్చాను."

అక్క జుట్టు సవరించుకుని కుర్చీ చూపించింది. నేను అన్నం పళ్ళెం బావ పక్కన పెట్టాను.

"పూర్వం ఏం జరిగినా దేవుళ్ళమీదకి తోసేసేవాళ్ళండీ. ఒకాయన మాత్రం, ఈ లోకమంతా నీళ్ళతో పుట్టిందన్నాడు. తర్వాతొకాయన కాదు, గాలన్నాడు. ఇంకొకాయన నిప్పన్నాడు. చెప్పింది తప్పే కావచ్చు, కానీ ముందువాడి మాట నమ్మెయ్యకుండా ఎందుకని అడిగారు చూడండి, తత్వశాస్త్రం అక్కడ మొదలైంది. మరొకాయనైతే వీధిలో కనిపించినవాణ్ణల్లా ఆపి, ధైర్యమంటే ఏంటి, న్యాయమంటే ఏంటి అని అడిగి అడిగి ప్రాణాలమీదకి తెచ్చుకున్నాడు."

"ఊరుకుంటారా మరి!" అని అక్క నవ్వింది. ఆ నవ్వులోనే బావ చెంచా నోటికందిస్తే నోరు తెరిచింది.

పళ్ళెం ఖాళీ అయింది. మాత్రలూ మింగింది. నాకు ఏడుపు ఆగలేదు. బావ పళ్ళెం పక్కనపెట్టి లేవబోయాడు.

"మాస్టారూ, కాసేపు ఉండండి" అంది అక్క. "మా ఆయన పొద్దుననగా వెళ్ళారు, ఇంకా రాలేదు. నాకు భయంగా ఉంది. ఆయనొచ్చేదాకా కూర్చోండి."

బావ మళ్ళీ కూర్చున్నాడు.

"కూర్చుంటానండీ" అన్నాడు.