కోడలి లోటా నల్లబడిన నెల

పాత వెండి కొనే అలవాటు ఉన్నదానికి దయ్యాల భయం ఉంటే సంసారం సాగదు. అవి ఎవరింటి సామానో, ఎవరు తిని కడిగిన పళ్ళాలో మనకేం తెలుసు? "చచ్చినోళ్ళ సామాన్లన్నీ ఇంట్లోకి తెస్తాండావు. ఒకరోజు వాళ్ళే వచ్చి నీళ్ళడుగుతారు సూడు" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. "అడగనీ, వెండి లోటాలోనే ఇస్తా" అనేదాన్ని. దయ్యాలను నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఈ సంగతి చెప్పాల్సి వస్తే మాత్రం ఆ మాట అంత గట్టిగా అనలేను.

మాది కర్ణాటకలో పావగడ తాలూకా వల్లూరు. చెనిక్కాయ, అదే వేరుశెనగ, పండిన చేలల్లో ఇప్పుడు సోలార్ ప్యానెళ్ళు నిలబడి ఉన్నాయి. మా పొలం కూడా అందులోనే పోయింది. కలుపూ కోతా లేకపోయేసరికి నా చేతులకు ఏం చేయాలో తోచలేదు. అప్పుడు పట్టుకుంది ఈ పిచ్చి.

వై.ఎన్.హొసకోటలో ఒక వెండి అంగడి ఉంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పాత సామాను ఇచ్చేసి కొత్త మోడల్ తీసుకుపోతారు. అంగడి యజమాని శెట్టి ఆ పాతది కరిగించేలోపల నేను బస్సెక్కి పోయి వాలేదాన్ని. అట్లా గంధం గిన్నె వచ్చింది, పన్నీరు బుడ్డి వచ్చింది, అంచు చుట్టూ తీగ చెక్కిన పళ్ళెం వచ్చింది. బెంగళూరులో పాత సామాన్ల సందులో దొరికిన గాజు గిన్నెలు కూడా రెండున్నాయి. వాటి ఒళ్ళంతా లోతుగా కోతలు కోసి ఉంటాయి, ఎండ తగిలితే గోడ మీద రంగులు పడతాయి.

వీటిని అలమరలో పెట్టి తాళం వేసే రకం కాదు నేను. వెండి పళ్ళెంలో రాగి సంగటి పెడతాను, గాజు గిన్నెలో చెనిక్కాయ చట్నీ వేస్తాను. చూసినవాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, సామాను చేసింది వాడుకోవడానికే కదా.

అన్నిటికంటే నాకు ఇష్టమైనవి నీళ్ళు తాగే లోటాలు. ఆరూ ఒకే తీరువి, చేతిలో పెట్టుకుంటే మంచి బరువు. అడుగున పాత పేర్లు గీకేసిన గుర్తులున్నాయి. పాత్ర మీద పేరు కొట్టించందే అది మన ఇంటిది కాదని మా వైపు అనుకుంటారు. అందుకని ఆయన పేరు, నా పేరు, మా అబ్బాయి మంజు పేరు చుక్కలతో కొట్టించాను. మంజుకు పెళ్ళయి శిరీష ఇంటికి వచ్చిన వారానికే నాలుగో లోటా మీద ఆమె పేరు పడింది. మిగిలిన రెండూ వచ్చిపోయేవాళ్ళకు, వాటికి పేర్లు లేవు. ఎవరి లోటాలో వాళ్ళే తాగాలన్నది మా ఇంట్లో నేను పెట్టిన చట్టం.

పెళ్ళయిన రెండో ఏడు, ఎండలు ముదరక ముందు, శిరీష లోటా నల్లబడడం మొదలైంది.

వెండి నల్లబడదా అంటే నల్లబడుతుంది, నాకూ తెలుసు. కానీ నెల పట్టాలి, రెండు నెలలు పట్టాలి. ఇది పొద్దున తోమితే దీపం పెట్టే వేళకు పొగ పట్టినట్టు అయిపోయేది. పక్కన మిగతా ఐదూ తెల్లగా ఉండేవి. అన్నిటినీ తోమేది శిరీషే. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఏంది శిరీషా, అందరివీ మెరుస్తాండాయి, నీదొక్కటే మసిగుడ్డ మాదిరి ఉండాది? నీ సామాను మీద నీకే మనసు లేదా?"

"తోమినానత్తా" అంది. లోటా తీసుకొని మళ్ళీ తోమడానికి కూర్చుంది.

మరుసటి రోజూ అంతే, ఆ మరుసటి రోజూ అంతే. నాలుగో రోజు నేను నోరు జారాను. "పుట్టింట్లో వెండి మొగం చూసింటే కదా తోమేది తెలిసేది" అన్నాను. పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకొని పెరట్లోకి పోయింది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తర్వాత రోజు నేనే తోమాను. మెత్తని పాత పంచె ముక్కతో విభూతి పెట్టి రుద్ది, ఆరబెట్టి, నా చేత్తోనే నీళ్ళు పోసిచ్చాను. సాయంత్రానికి నల్లగా ఉంది.

మూతి తగిలి అట్లా అవుతుందేమో అనడానికి కూడా లేదు. మా ఇంట్లో ఎవరమైనా లోటా పైకెత్తి పోసుకొనే తాగుతాం, అంచు పెదవికి తగలదు. నీళ్ళు అందరికీ ఒకే కడవలోవి. ప్యానెళ్ళ వైపు నుంచి వచ్చే దుమ్మా అంటే, ఆ దుమ్ము ఆరింటి మీదా పడాలి కదా.

లోటా తీసుకొని హొసకోటకు పోయాను. శెట్టి గీటురాయి మీద గీసి చూశాడు. "ఆరూ ఒకే వెండమ్మా, కల్తీ లేదు. కోడిగుడ్డో ఎర్రగడ్డో తగిలింటాది" అన్నాడు. ఒకే వంటింట్లో అదే ఉల్లి, అదే కూర తింటున్నాం, ఆమె ఒక్కదానికే ఎట్లా తగులుతుందని అడిగితే తల గోక్కున్నాడు.

ఇంటికి వచ్చి ఒక పని చేశాను. శిరీష పేరున్న లోటా నేను తీసుకున్నాను. పేరు లేని రెండింటిలో ఒకటి ఆమెకిచ్చాను. ఎందుకో ఆమెకు చెప్పలేదు. మా ఆయనకు మాత్రం చెప్పి సాక్షిగా పెట్టుకున్నాను. మూడు రోజులు చూశాం. ఆమె పేరున్నది నా దగ్గర తెల్లగానే ఉండింది. ఆమెకిచ్చిన పేరు లేని లోటా మొదటి సాయంత్రానికే నల్లబడింది. మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకొని కింద పెట్టేశాడు. అంతవరకూ ఎగతాళి చేసిన మనిషి ఆ రోజు నవ్వలేదు.

మూడో రోజు మధ్యాహ్నం శిరీష వంటింట్లో రొట్టెలు తడుతోంది. ఎదురుగా పీట వేసుకొని కూర్చున్నాను. కిటికీలోంచి వెలుగు నేరుగా ఆమె మీద పడుతోంది. చేయి ఎత్తినప్పుడల్లా గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. పెళ్ళిలో ఆ గాజులే సబ్బు రాసి ఎక్కించాం. పీట ఆమె దగ్గరికి జరుపుకున్నాను.

"శిరీషా, నాతో ఏమన్నా దాస్తాండావా?" అని అడిగాను.

ఆమె రొట్టె పెనం మీదే వదిలేసి నా కాళ్ళు పట్టుకుంది. "నన్ను పుట్టింటికి పంపియ్యొద్దత్తా. మా చిన్నాయన కూతురికి ఇట్లే రగతం పడితే అత్తగారోళ్ళు తెచ్చి ఇడిసిపెట్టి పోయినారు. మళ్ళీ తీసకపోలేదు" అంది.

రెండు నెలలుగా దగ్గు. సాయంత్రమైతే జ్వరం. దగ్గు వినపడకుండా స్నానాల గదిలో కొళాయి తిప్పుకొని దగ్గేదట. మంజు డ్యూటీ నుంచి వచ్చేసరికి నిద్ర నటించేదట. రక్తం పడిన గుడ్డలు కాల్చేసేదట. ఇవన్నీ నా ఇంట్లో, నేను ఉండగానే జరిగాయి.

మరునాడు పొద్దున్నే నేనూ మంజూ ఆమెను పావగడ ఆసుపత్రికి తీసుకుపోయాం. కఫం పరీక్ష చేశారు, ఎక్స్‌రే తీశారు. క్షయ అన్నారు. ఒక పక్క ఊపిరితిత్తి బాగా చెడిందనీ, ఇంకొంత కాలం ఇట్లాగే దాచి ఉంటే చేతికి దక్కేది కాదనీ డాక్టరమ్మ చెప్పింది. ఆరు నెలలు రోజు తప్పకుండా మందులు మింగాలంది. మంజు ఆసుపత్రి అరుగు మీద కూర్చొని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

నేను సిగ్గు విడిచి లోటా సంగతి కూడా అడిగాను. డాక్టరమ్మ నవ్వింది. ఆ జబ్బుకూ వెండికీ ఏ సంబంధమూ లేదంది. అట్లాంటిది తాను చదవలేదు, వినలేదు అంది.

మందులు మొదలైన మూడో వారమో నాలుగో వారమో, ఒక సాయంత్రం చూస్తే ఆమె లోటా తెల్లగా ఉంది. ఆ తర్వాత మళ్ళీ నల్లబడలేదు. హైస్కూల్లో సైన్స్ చెప్పే మేష్టరును అడిగాను, శెట్టిని మళ్ళీ అడిగాను. ఇద్దరూ తలా ఒకటి చెప్పారు, ఏదీ అతకలేదు. ఆ లోటాలు మొదట ఎవరింటివో శెట్టికీ గుర్తులేదు. దీన్ని ఏమనుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యమని అనను. కాదని గట్టిగా వాదించే ధైర్యం కూడా పోయింది.

మందుల కోర్సు ముగిసిన వారంలో ఒకనాడు శిరీషా నేనూ పెరట్లో కూర్చొని వెండి తోముతున్నాం. ఇన్నాళ్ళూ అడగలేనిది అప్పుడు అడిగాను. పంపించేస్తామని భయపడితే భయపడ్డావు, నాకొక్కదానికైనా చెప్పకూడదా అన్నాను.

ఆమె కోపంగా చెప్పలేదు. లోటా రుద్దుతూనే చెప్పింది.

"చెప్పాలనే రెండుతూర్లు మీ దగ్గరికి వచ్చినానత్తా. రెండుతూర్లూ మీరు నా లోటాను ఎలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూస్తాండ్రి. నా మొగం ఒక్కసారి చూసింటే చెప్పేసేదాన్ని."

విభూతి అంటిన చేతులు కొంగుకు తుడుచుకున్నాను. ఆమె గడ్డం పట్టుకొని ముఖాన్ని ఎండ వైపు తిప్పాను. బుగ్గల్లోకి కండ వచ్చింది, కళ్ళ కింద నలుపు పోయింది. "ఏందత్తా ఇది" అని ఆమె సిగ్గుపడుతూనే ఉంది, నేను చాలాసేపు అట్లాగే చూస్తూ కూర్చున్నాను.