బావ ముందు పలకలేని నొప్పి

జొన్నరొట్టె తడుతుంటే ఎడమ దవడ లాగింది. కాసేపటికి రొమ్ము మధ్యలో బరువు, ఒళ్లంతా చెమట. నాకు నలభై ఆరేళ్లు. బీపీ, షుగర్ ఏవీ లేవు. గోడకానుకుని కూలబడితే మా ఆయన చూసి భయపడి వాళ్లన్నను పిలిచాడు. మా ఇంట్లో జ్వరానికైనా కోర్టు కేసుకైనా బావే ముందుండాలి.

బావకు బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. ఆయనకు తెలిసిన వైద్యం ఒక్కటే, ఫోను. కారులో కర్నూలు ఆస్పత్రికి పోయే దారంతా పలుకుబడి ఉన్న పెద్దమనుషులెవరెవరికో చేస్తూనే ఉన్నాడు. "మా మరదలికి గ్యాస్ పట్టిండాది, కొంచెం చెప్పన్నా." గ్యాస్ అని తేల్చింది కూడా ఆయనే.

క్యాజువాల్టీ ముందు ఒక నర్సు నిలబడి, వచ్చినవాళ్లలో ఎవరిని ముందు లోపలికి పంపాలో తేలుస్తోంది. దాన్ని ట్రయాజ్ అంటారట. వేలు తెగినాయన ఒకడు పదిమందిని వెంటేసుకొచ్చి అరుస్తున్నాడు. "అంత అరుస్తాండాడంటే ఊపిరి బాగానే ఉండాది, కూచోబెట్టండి" అందామె.

తర్వాత నా దగ్గరికొచ్చి "ఏమయిందక్కా?" అంది. పక్కనే బావ. మా ఇళ్లలో బావ ఎదుట ఆడది రొమ్ము అనే మాట పలకదు. ప్రాణం పోతున్నా నాకు ఆ దిక్కుమాలిన మర్యాద పోలేదు. "కడుపులో మంట" అన్నాను. ఆమె బెంచీ చూపించింది. మా ఆయన ఎప్పట్లాగే అన్న వెనక నిలబడ్డాడు.

బావ ఆమె ముందుకు ఫోను చాపాడు. "పెద్దాయన లైన్లో ఉండాడు, మాట్లాడమ్మా."

"ఆయనకు యాడన్నా నొప్పి ఉండాదా? లేకుంటే పెట్టేయండప్పా."

అంటూనే నా చెయ్యి పట్టుకుంది. చల్లగా తగిలినట్టుంది. నా ముఖం చూసింది, బావ ముఖం చూసింది. "మగోళ్లు బయటికి పోండి" అంది. తెర లాగాక నిజం చెప్పాను. వెంటనే వీల్‌చెయిర్ లాక్కొచ్చింది.

ఈసీజీ చూసిన డాక్టరు, "హార్ట్ అటాక్ అమ్మా. ఆ బెంచీ మీద ఇంకాసేపు కూర్చునుంటే మాతో పని ఉండేది కాదు" అన్నాడు. స్టెంట్ వేశారు. నాలుగో రోజు ఊపిరితిత్తుల్లో నీరు చేరి మళ్లీ ఐసీయూలో పడ్డాను. పదకొండు రోజులకు ఇల్లు చేరాను.

ఇప్పుడు రోజూ మాత్రలు, పొద్దున అరగంట నడక. బావ మాత్రం తన ఫోనే నన్ను బతికించిందని ఊరంతా చెప్పుకుంటున్నాడు. ఆ పెద్దాయన పండ్లు పట్టుకుని పరామర్శకొచ్చి, "ఏ కాలమ్మా విరిగింది?" అన్నాడు. "కాలు కాదు సార్, రొమ్ములో నొప్పొచ్చింది" అన్నాను, బావ ముందే. బావ తల దించుకున్నాడు.

నేను చెప్పేది ఒక్కటే. నర్సు అడిగినప్పుడు నొప్పి ఎక్కడో, ఎప్పుడు మొదలైందో మీ నోటితోనే చెప్పండి. చెప్పడానికి అడ్డమయ్యే మనిషి పక్కనుంటే, ఎంత పెద్దవాడైనా బయటికి పంపమనండి. ఆయన నొచ్చుకుంటే తర్వాత బతిమాలుకోవచ్చు. నేనైతే ఇంకా బతిమాలలేదు.