“ఉండావా?” అంటే “ఉండా”

నా చిన్నప్పుడు మేం పడుకునే ఇంట్లోనే ఒక మంచె ఉండేదంటే మా మనవరాలు పడీపడీ నవ్వింది. చేలో పందుల కాపలాకి కట్టే మంచె ఇంట్లో ఎందుకవ్వా అని. నవ్వదూ మరి! మొన్ననే వడ్రంగి వచ్చి దాని గదిలో పైన పరుపు, కింద చదువుకునే బల్ల ఉండేలా ఎత్తు మంచం చేసి పోయాడు. మొత్తం తిరుపతిలో అలాంటిది తనకొక్కదానికే ఉన్నట్టు దాని గొప్ప. నాకు మాత్రం ఆ నిచ్చెన చూడగానే ఒళ్ళు జల్లుమంది.

మాది చంద్రగిరి దగ్గర పల్లె. మా అమ్మ జ్వరంతో పోయిన ఏడాది నాకు పదమూడేళ్ళు. ఉన్నది ఒకటే గది, నేలంతా వేరుశనగ విత్తనాల మూటలు. ఎదిగిన పిల్లకు తనదంటూ ఒక మూల ఉండాలని మా నాయన చేలోని మంచె విప్పుకొచ్చి ఇంట్లో కట్టాడు. మట్టి నేలలో గుంతలు తవ్వి, గుంజలు పాతి, అడ్డకర్రలు వేసి, కత్తాళనారతో బిగించి, పైన వెదురు తడిక పరిచాడు. నిచ్చెన కూడా ఆ పాతదే. “చేన్లోది చేన్లోనే ఉండాలబ్బయ్యా, ఇంట్లోకి తేగూడదు” అని మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, గొణుగుతూనే ఉంది. నాయన వినిపించుకోలేదు.

ఆ గొణుగుడుకి కారణం లేకపోలేదు. ఆ మంచె మీద కాపలా కాసింది మా అమ్మే. వంకకు ఇవతల చేలో అమ్మ, అవతల చేలో నాయన. నిద్ర పట్టకుండా ఒకరినొకరు కేకేసుకునేవాళ్ళు. ఒకరు “ఉండావా?” అంటే రెండోవాళ్ళు “ఉండా” అనాలి. పలకకపోతే ఏమైందో ఏమోనని వెతుక్కుంటూ పరుగెత్తాలి. మా వైపు చేలల్లో అందరికీ అదే పద్ధతి.

కొత్తలో నాకు ఆ మంచె మీద రాణీవాసంగానే ఉండేది. తర్వాత ఒకరోజు, పొద్దుగూకే వేళ, పైన కూర్చుని చదువుకుంటుంటే నిచ్చెన కింది మెట్టు కిర్రుమంది. కాసేపటికి దాని పై మెట్టు. ఎవరో ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో ఆగినట్టు. తొంగిచూస్తే ఎవరూ లేరు. అంతలో ఎక్కడినుంచో చాలా సన్నగా “ఉండా” అని వినిపించింది. ఆడగొంతో మగగొంతో కూడా తెలియలేదు.

రోజూ అదే వేళకు అదే కిర్రు, అదే మాట. భయమేస్తే ఎవరైనా అమ్మా అని అరుస్తారు. ఆ ఎక్కేది అమ్మేనేమో అనుకున్నాక నేనెవర్ని పిలిచేది? కన్నతల్లికి జడుసుకుంటున్నానని ఏడుపొచ్చేది. చివరికి తట్టుకోలేక, చిత్తూరులో చిన్నమ్మ వాళ్ళింటికి పోయి అక్కడే ఉంటానని నాయనతో చెప్పేశాను. నేనూ పోతే ఆయనకు ముసలి తల్లి తప్ప మాట్లాడే మనిషి ఉండదని తెలుసు. అయినా చెప్పేశాను.

నాయన ఎందుకని అడిగితే అంతా చెప్పాను. తిడతాడనో, తాయెత్తు కట్టిస్తాడనో అనుకున్నాను. ఆయన “ఆ పలికింది నేనే మే” అన్నాడు. ఆ వేళకు గోడకు అవతల అరుగు మీద కూర్చునేవాడట. “మీ అమ్మ ఎక్కేటప్పుడు గూడా ఆ నిచ్చెన అట్లనే కిర్రుమనేది. ఎక్కినాక నన్ను పిల్సేది. నోరు దానంతటదే పలకతా ఉండాది. పలక్కుంటే యెతుక్కుంటాది గదా, పాపం.”

వచ్చింది అమ్మేనని అనలేదు, కాదనీ అనలేదు. మర్నాడు పొద్దుగూకే వేళకు అరుగు మీదికి పోకుండా వచ్చి నిచ్చెన పక్కనే కూర్చున్నాడు. కింది మెట్టు కిర్రుమంది. ఆయన పలకలేదు. పై మెట్టు కిర్రుమంది. ఆయన నా వైపే చూస్తున్నాడు గానీ నోరు మెదపడు. ఇల్లంతా ఎదురుచూస్తున్నట్టుంది. ఇక పలకాల్సింది నేనేనని అర్థమైంది.

“ఉండా” అన్నాను. మళ్ళీ అన్నాను, “ఉండామ్మా.”

కిర్రు ఆగిపోయింది. కింద నాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమన్నాడు. అమ్మ పోయినప్పుడు కూడా ఆయన అలా ఏడవలేదు. నేను చిన్నమ్మ వాళ్ళింటికి పోలేదు.

నా పెళ్ళయ్యాక ఒకసారి ఆయనే చెప్పాడు, పగలంతా వేడెక్కిన కర్ర సాయంత్రం చల్లబడితే కిర్రుమంటుందని. “అది తెలిసే పలికినావా నాయనా?” అన్నాను. “తెలిసే పలికినా” అన్నాడు, అందులో అడగడానికేముందన్నట్టు.

ఇదంతా విని మా మనవరాలు “పో అవ్వా, నన్ను భయపెట్టడానికే చెప్తున్నావ్” అంది. నేను పోయినాక ఆ మెట్టు ఎప్పుడైనా కిర్రుమంటే జడుసుకోకుండా పలుకమ్మా అన్నాను. అవేం మాటలని కసిరింది.

నిన్న పొద్దుగూకే వేళ వంటింట్లో పీట మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నాను. అది దాని మంచం ఎక్కి చదువుకుంటోంది. ఇంట్లో మేమిద్దరమే. గదిలో నిచ్చెన కిర్రుమంది. కాసేపటికి పై మెట్టు. నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

“ఉండా” అని వినిపించింది గదిలోంచి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి “ఉన్నా” అనడమే తప్ప మా పల్లె మాట ఎన్నడూ అనని పిల్ల.

నేను పీట మీదినుంచి లేవలేదు. కూర్చున్నచోటి నుంచే, దానికి వినబడకుండా, నేనూ పలికాను.